తలుపు మీది కంత

అరబ్బు దేశంలో, రిఫా దగ్గరి పాత బురుజు చూసినవాళ్లు, తలుపు మీది కంతను మరమ్మతులో పూడ్చడం మరిచారనుకుంటారు. మరవలేదు. ఆ ఒక్క మాట కోసమే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో అక్కడ సున్నం పూసే పనిలో ఉన్నాను. సముద్రపు రాయితో కట్టిన గుండ్రని బురుజు. ఒకటే తలుపు. దానికి సూటిగా పైన గోడ చిన్న గూడులా బయటికి పొడుచుకొచ్చి ఉంది. పై గదిలోంచి చూస్తే ఆ గూడు అడుగున రెండు జానల కంత. పగుళ్లతోపాటు దాన్నీ పూడ్చమన్నాడు మా మేస్త్రీ. ఆయనది గోదావరి వైపు.

"అది పగులు గాదు మేస్త్రీ. శత్రువు తలుపు కాడికొస్తే మీదికెల్లి మసిలే నీళ్లు పోసెటందుకు ఇడిసిండ్రు. మా ఊరి లైబ్రరీల కోటల పుస్తకం మూడుసార్లు సదివిన."

"ఓహో, లైబ్రరీ ఇంజనీరుగారా! సాయంత్రానికి ఖలాస్ చెయ్యి. లేదంటే రేపట్నుంచి మీనా సల్మాన్ రేవు గోదాంలో మూటలు మోద్దువుగాని."

కలిపిన సున్నం గట్టిపడుతోంది. మెట్లు ఎక్కాను, దిగాను, మళ్లీ ఎక్కాను. తాపీతో సున్నం ఎత్తాను, గీకి మళ్లీ తొట్టిలోనే వేశాను.

అంతలో బురుజు సొంతదారు కారు వచ్చింది. ముత్తాతల నాటి నుంచి అది ఆయన వంశానిదే. పైనుంచి చూసి బూట్లు విప్పేశాను. మా ఊరి దొర గడికీ బురుజు ఉండేది. దాని ముందు నడిచేటప్పుడు మావాళ్లు చెప్పులు చేతబట్టుకునేవాళ్లు. ఇక్కడ నన్నెవరూ అడగలేదు.

కారు దిగిన ముసలాయన ఒక్కడే పైకొచ్చాడు. కింద మేస్త్రీ కుర్చీ తెమ్మని కేకలేస్తున్నాడు. నాకు అరబీ రాదు. గోడ చూపించి "బురుజు" అన్నాను.

"బుర్జ్," అన్నాడాయన, నా తప్పు దిద్దుతున్నట్టు.

ఒకటే మాట! నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ సంగతి లేదు. ఇక ఆగలేకపోయాను. కంత ఎందుకో చూపించాలని, సున్నంలో కలిపే నీళ్ల డబ్బా ఎత్తి కంతలో ఒంపేశాను.

"ఓరి నీ... ఎవడ్రా పైన!"

ముసలాయన కంతలోకి వంగి, తడిసిన మేస్త్రీని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. నా తాపీ లాక్కుని పక్కన పెట్టి, ఇక పూడ్చొద్దని "ఖలాస్" అన్నాడు. అప్పుడు నా కాళ్లు చూశాడు. సున్నం అప్పటికే వేళ్ల సందుల్లో కొరుకుతోంది. నవ్వు ఆపి, బూట్లు చూపించి, తొందరగా తొడుక్కోమన్నట్టు "యల్లా, యల్లా" అన్నాడు.

వారం తిరక్కుండా మీనా సల్మాన్‌లో మూటలు మోస్తున్నాను. మనసు ఊరుకోక ఒక శుక్రవారం వెళ్లి చూసొచ్చాను. కంత అలాగే ఉంది.

గడువు దాటినా పుస్తకం అడగని మా ఊరి గ్రంథపాలకుడికి, "ఖలాస్" అన్న పెద్దాయనకు, సరిగ్గా కంత కిందే నిలబడ్డ మేస్త్రీకి నా దండాలు. పేర్లు రాయడం లేదు. మేస్త్రీకి ఇంకా కోపం పోలేదట.