మెట్ల కింద మోరి

ఆ రోజు మున్సిపాలిటీ మేస్త్రీకి నేను అబద్ధం చెప్పాను. మా ఇంటి మెట్ల కింద మోరి శుభ్రంగా ఉందనీ, మొన్ననే మనిషిని పెట్టి పూడిక తీయించాననీ చెప్పాను. ఏ మనిషినీ పెట్టలేదు. ఇల్లు కట్టినప్పుడు మెట్ల కోసం మోరి మీద పరిచిన షాబాదు బండల్ని ఆ తర్వాత ఒక్కసారి కూడా లేపలేదు.

ఇది ఎనభైల చివరి సంగతి. అప్పుడు నేను బస్సు కండక్టర్ని. సిద్దిపేటలో మా గల్లీ ఏటవాలుగా ఉండేది. వాన పడితే పై బజారు నీళ్లన్నీ మా ఇళ్ల ముందున్న మోరీలోంచే కిందికి పోవాలి. ఏళ్ల తరబడి మట్టీ చెత్తా పేరుకుని అది సగం పూడిపోయింది. పైగా ఎవరికి తోచినట్టు వాళ్లం దాని మీద బండలు వేసుకున్నాం. ఒకరు బట్టలుతికే గద్దె కట్టుకున్నారు, ఇంకొకరు మేకను కట్టేసుకున్నారు. ఆ ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్లు పాత మోరిని తవ్వి, వెడల్పు చేసి, రెండు పక్కలా రాతి గోడ కట్టే పని మొదలుపెట్టారు. మోరి మీద ఉన్నవన్నీ తీసేయాలన్నారు.

గల్లీలో అందరూ గొణుక్కుంటూనే తీశారు. నాకు మనసొప్పలేదు. పుట్టినప్పటి నుంచి కిరాయి ఇళ్లలో పెరిగినవాణ్ని. డ్యూటీ దిగి వచ్చి, బనీనుతో ఆ మెట్ల మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లను పలకరించడం నాకు పెద్ద దర్జా.

"సార్, బండలు లేపాలె," అన్నాడు మేస్త్రీ.

"మా దగ్గర అక్కర్లేదు మేస్త్రీ. మొన్ననే తీయించిన. కింద అద్దం లెక్కున్నది."

అతను వంగి బండల కిందికి తొంగి చూశాడు. "అద్దమే గని, నా మొఖం కనవడ్తలేదు సార్."

పనివాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, అందరికీ చాయ పెట్టమని నా భార్యకు కేకేశాను. వానలు దగ్గర పడుతున్నాయి, కింది దాకా పని కావాలని పై అధికారులు అతన్ని తరుముతున్నారు. చాయ తాగి లేచాడు.

"నీ మాట మీద ఇడిసిపెడ్తున్న. రేపు నీళ్లు నిలవడితే నన్ననొద్దు."

"నిన్నెందుకంటరు? నేనున్న గద."

అలా మా ఇంటికి పైన మోరి వెడల్పయింది, కింద వెడల్పయింది. నడుమ, నా మెట్లున్నంత మేర, పాత ఇరుకు మోరి పూడికతో సహా అలాగే ఉండిపోయింది.

మా ఎదురింట్లో దూదేకే అతనూ, అతని తల్లీ ఉండేవాళ్లు. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతూ వచ్చి, వాళ్ల గడప రోడ్డు కన్నా కిందికి పోయింది. దిగి లోపలికి వెళ్లాలి. అతను దూదేకే విల్లు భుజాన వేసుకుని దుబ్బాక, కోహెడ వైపు తిరిగి పరుపులూ బొంతలూ కుట్టి వచ్చేవాడు. తల్లికి చూపు లేదు, కాళ్లు కూడా పనిచేయవు. గల్లీ అంతా ఆమెను నానీ అని పిలిచేది. కొడుకు ఊళ్లకు పోయేటప్పుడు తలుపు దగ్గరికి వేసి, "సాబ్, అమ్మను జర సూస్తుండు," అని నాకు చెప్పి పోయేవాడు.

మొదటి పెద్ద వాన ఒక మధ్యాహ్నం వచ్చింది. నాకు ఆ రోజు సెలవు. తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాను. కొత్త మోరీలో ఎర్రటి నీళ్లు ఉరుకుతూ వచ్చాయి. నా మెట్ల దగ్గరికి వచ్చి ఆగాయి. సుడి తిరిగాయి, పైకి లేచాయి, రోడ్డెక్కాయి. రోడ్డు వాలు అటువైపే కనుక తిన్నగా నానీ గడపలోకి దిగాయి.

నాకు వెంటనే అర్థమైంది. గడ్డపార పెరట్లోనే ఉంది. రెండు బండలు లేపితే నీళ్లకు దారి దొరుకుతుంది. కానీ గల్లీలో ప్రతి తలుపు దగ్గరా మనుషులున్నారు. బండ లేపితే దాని కింద నల్లటి పూడిక అందరి ముందూ బయట పడుతుంది. వాన ఇప్పుడే తగ్గుతుందిలే అనుకున్నాను. ఎంతసేపు అలా నిలబడ్డానో నాకు ఇప్పటికీ తెలియదు.

నా భార్య లోపల్నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం సూస్తున్నవ్? నానీ ఒక్కతే ఉన్నది! కొడుకు దుబ్బాక పోయిండు!"

అప్పుడు ఉరికాను. నీళ్ల బరువుకు తలుపు తెరుచుకోలేదు. భుజంతో నెట్టాను. లోపల దూది తడిసి, ముద్దలు ముద్దలుగా తేలుతోంది. నులక మంచం మీద నానీ ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది. ఒక చెయ్యి నీళ్లలోకి వేలాడుతోంది.

"ఎవలు?"

"నేనే నానీ, కండక్టర్ని."

"బేటా, ముందుగాల చేతి ఏళ్లకు తగిలినయ్. ఇప్పుడు మోచెయ్యి దాంక వచ్చినయ్. ఇంకెంతొస్తయ్?"

ఆమె కేక వేయలేదు. కళ్లు లేని మనిషి, చెయ్యి కిందికి వేసి, నీళ్లు తన వైపు ఎంత ఎక్కుతున్నాయో చూసుకుంటూ పడుకుంది. ఆమెను ఎత్తుకుని మా ఇంటికి తెచ్చాను.

వాన వెలిసింది. జనం మా ఇంటి ముందు మూగారు. "కండక్టర్ లేకుంటే ముసలామె పానం పోతుండె," అన్నారు. పక్కింటామె మొగుణ్ని దెప్పింది. "గా మనిషిని సూసి నేర్సుకో. నువ్వు కిటికీల నిలవడి తమాషా సూసినవ్!" సాయంత్రం వచ్చిన కొడుకు నా రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. "నా తోలు ఒలిచి సెప్పులు కుట్టిచ్చినా నీ రుణం తీరది సాబ్." నేను వద్దు వద్దన్నట్టు తల ఊపాను. చూసేవాళ్లకు అది వినయం లాగే కనిపించి ఉంటుంది. మరునాడు మేస్త్రీ వచ్చి నీళ్లెట్లా పొంగాయని అడిగితే, పై నుంచి చెత్త కొట్టుకొచ్చి అడ్డం పడ్డట్టుందని మళ్లీ అబద్ధమాడాను.

ఆ ఏడు మళ్లీ అంత పెద్ద వాన పడలేదు. నానీ ఇల్లు ఆరింది. మంచం మళ్లీ ఉన్న చోటే వేశారు. మా మెట్ల మీద నుంచి చూస్తే తెరిచిన తలుపులోంచి ఆ మంచం కనిపించేది. ఆమె చెయ్యి కిందికి వేలాడుతూ ఉండేది. వేళ్లు నేలను తడుముతూ ఉండేవి. మేలుకుని ఉన్నా అంతే, కునుకు పట్టినా అంతే. చలికాలం వచ్చింది, ఆకాశంలో మబ్బు తునక లేదు, అయినా ఆ చెయ్యి పైకి పోలేదు.

"రాత్రంత నిద్రపోతలేదు సాబ్," అనేవాడు కొడుకు. "పొడిగున్నదమ్మా అంటె ఇనది. పొడిగున్నప్పుడే వస్తయిరా అంటది."

మెట్ల మీద కూర్చోవడం మానేశాను. బస్సులో నిద్రపోయే ప్రయాణికుడి చెయ్యి సీటు మీద నుంచి జారితే, టికెట్టు చింపబోతూ అలాగే ఆగిపోయేవాణ్ని. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే బండల కింద నీళ్లు మెదులుతున్న చప్పుడు వినిపించేది. ఎండిపోయిన మోరీలో నీళ్లెక్కడివి? అయినా లేచి వెళ్లి బండకు చెవి ఆనించేవాణ్ని. ఏమీ ఉండేది కాదు. తిరిగి వచ్చి కూర్చోగానే మళ్లీ మొదలయ్యేది.

ఒకరోజు నా భార్య చూసింది. "బండకు చెవి వెట్టి ఏమింటున్నవ్?"

చెప్పేశాను.

"నాకు తెల్వదనుకున్నవా? గా రోజు చాయ పెట్టిచ్చింది నేనే గద. నేను గూడ నోరు మూసుకున్న." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పో. పోయి గా పిలగానికి చెప్పు."

అతను ఇంటి వెనక రేకుల కింద దూది ఏకుతున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక విల్లు ఆగింది. అతని కనుబొమ్మల మీద దూది పడి ఉంది. దులుపుకోలేదు.

"అమ్మను ఎత్కపోయింది నువ్వే గద సాబ్," అన్నాడు చివరికి.

"ఆ నీళ్లు తెచ్చింది గూడ నేనే."

"మా అమ్మ కంటి మీద కునుకు లేక ఎన్ని దినాలాయె, తెలుసా నీకు?" గొంతు పెరిగింది. లోపల మంచం కిర్రుమంటే ఠక్కున తగ్గించాడు. "అమ్మకు మాత్రం చెప్పకు. గల్లీల ఎవలకూ చెప్పకు, గామె చెవుల వడ్తది. నీళ్లొస్తే కండక్టర్ బేటా ఉన్నడని గా ఒక్క ధైర్యంతోని బతుకుతున్నది. గా ధైర్యం గూడ గుంజుకుంటవా?"

విల్లు మళ్లీ అందుకున్నాడు. నన్ను పొమ్మనలేదు, ఉండమనలేదు. గల్లీ అంతా వింటుండగా తప్పు ఒప్పుకుందామన్న ఆలోచనతో వెళ్లాను. ఆ దారి అతను మూసేశాడు. మూయడమే న్యాయం.

మరునాడు పట్టపగలే గడ్డపార తీసుకుని నా మెట్లు నేనే పగలగొట్టాను. బండల కింద గట్టిపడిన పూడికలో చీపురు పుల్లలూ, పాత చెప్పూ, ఇల్లు కట్టినప్పటి నా సిమెంటు గడ్డలే ఉన్నాయి. మేస్త్రీని వెతికి పట్టుకుని, ఒక్కడికే నిజం చెప్పాను. "నాకు గప్పుడే డౌటొచ్చింది సార్. నీ చాయ పాడుగాను, ఎంత తియ్యగుండె!" అన్నాడు. నవ్వలేదు. సెలవు పెట్టి అతని మనుషులతో పాటు తవ్వాను. పైనా కిందా ఎంత వెడల్పుందో అంత వెడల్పున గోడ కట్టించాం. నానీ గడప ముందు కూడా మోకాలెత్తు అడ్డుకట్ట లేపాం. నానీ కోసం సొంత మెట్లు పగలగొట్టుకున్నాడని గల్లీ నన్ను మళ్లీ మెచ్చుకుంది. తల వంచుకుని విన్నాను.

మరుసటి ఏడు వానలు మొదలైన రోజు వెళ్లి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాను.

"బేటా, నీళ్లు?"

"మోరీలకెళ్లి పోతున్నయ్ నానీ. రోడ్డెక్కలే."

ఆమె నమ్మిందో లేదో తెలియదు. చెయ్యి మాత్రం తీయలేదు. వాన వెలిసి, చూరు కారడం ఆగేదాకా కూర్చుని వచ్చాను. ఆమె పోయేంతవరకూ, మబ్బు కమ్మిన ప్రతిసారీ, తోటి కండక్టర్లను బతిమాలి డ్యూటీ మార్చుకుని వెళ్లి అక్కడే కూర్చున్నాను.