తాళం వేసిన ఇండ్ల లెక్క

డోర్నకల్ దగ్గరి పల్లెలో పుట్టిన శాంతికి మిరప ఘాటు చిన్నప్పుడే అలవాటైంది. కాయ ఏరే కాలంలో తల్లి సువార్తమ్మ, తండ్రి ఏలియా తెల్లవారకముందే ఇంటికి తాళం వేసి, పిల్లను వెంటబెట్టుకొని చేన్లకు పోయేవారు. ఆ పిల్ల లెక్కల్లో దిట్ట. జనగామలో డిగ్రీ చదివి, యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ ఎమ్మెస్సీ చేసి, పరిశోధన కోసం ప్రొఫెసర్ జగపతి దగ్గర చేరింది.

జగపతిది పాలకుర్తి వైపు భూములున్న కుటుంబం. మాట కటువు, మనసు సాఫు. అప్పట్లో ఆయన మహబూబాబాద్ తండాల్లో పిల్లల రక్తహీనత మీద సర్వే చేయిస్తున్నాడు. కురవి దగ్గరి ఒక తండాకు వెళ్లిన శాంతి, పని సగంలోనే ఆపి తిరిగొచ్చింది.

“తాళమున్న ఇల్లు ఇడిసిపెట్టి పక్కింటికి పొమ్మని చెప్పిన గద?” అన్నాడు జగపతి.

“చెప్పిన్రు సార్. సగం ఇండ్లకు తాళాలే ఉన్నయి, కూలికి పోయిన్రు. ఇంట్ల ఉన్నోళ్లనే అడిగితే, తండా అంతా ఉన్నోళ్లదే అనిపిస్తది.”

ఆయనకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. “మరి ఏం జేద్దామంటవ్?”

“మాపటికి మళ్ల పోత సార్.”

“ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్త.”

సాయంత్రం చేన్ల నుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకు ఇద్దరూ నర్సును తీసుకొని తండాకు చేరారు. తండా పెద్ద గోప్యా మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఇంటివాళ్లు ఒక్కో తాళం తీస్తుంటే, వీళ్లు ఒక్కో పిల్లవాడి రక్తం చూశారు. కూలివాళ్ల పిల్లలు నీరసంగా ఉంటారని శాంతి గట్టిగా నమ్మింది. తీరా చూస్తే, పగలు చూసిన పిల్లలకూ వీళ్లకూ పెద్ద తేడా లేదు. ఆమె మొహం వాడిపోయింది.

“నువ్వనుకున్నది కాకపోతే పని పాడైనట్టా? అసలు ముచ్చట ఇప్పుడే షురువైంది,” అన్నాడు జగపతి.

ఇంకా తెరుచుకోని ఇండ్లు కొన్ని మిగిలాయి. వాటి గురించి శాంతి గోప్యాను అడిగింది.

“వాళ్లు మిరప ఏర దూరం పోయిన్రు బిడ్డా. పిల్లా జెల్లా అందరు. కాయ అయిపోయినంకనే వస్తరు.”

శాంతి ఆ కాలం ముగిసేదాకా ఆగి మళ్లీ వెళ్లింది. చేన్ల గట్ల మీద గుడారాల్లో గడిపి వచ్చిన ఆ పిల్లల రక్తం నిజంగానే పలచబడి ఉంది. ఎన్నిసార్లు వెళ్లినా దొరకని కుటుంబాల పరిస్థితిని, ఆలస్యంగా దొరికినవాళ్ల వివరాలను బట్టి ఎట్లా అంచనా కట్టాలి? అదే ఆమె పీహెచ్‌డీ అయింది, ఆ తర్వాత బతుకంతా అదే అయింది.

ఆ పనిని మొదటిసారి వేరే నగరంలో ఒక సదస్సులో చెబుతుంటే, “మళ్ల పోయినం, అడిగినం” అన్న ఆమె యాసకు హాలులో నవ్వులు లేచాయి. శాంతి మంచినీళ్లు తాగింది. మాట మార్చుకోకుండానే చివరిదాకా చెప్పింది. తర్వాత అదే రంగంలోని ఒక పెద్దావిడ ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని ఆ అంచనా సూత్రం మొత్తం మళ్లీ రాయించుకుంది. ఆ చర్చలో పడి ఇద్దరూ భోజనం సంగతే మరిచారు.

ఉద్యోగం మాత్రం తేలిగ్గా రాలేదు. యూనివర్సిటీలో ఖాళీలు భర్తీ కాక, జనగామ కాలేజీలో ఏండ్ల తరబడి తాత్కాలిక లెక్చరర్‌గా పాఠాలు చెప్పింది. ఆశ వదులుకుందామనుకున్న రోజుల్లో జగపతి ఫోన్ చేసి, “పేపర్ ఎంతవరకు వచ్చింది?” అని మాత్రమే అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికైనా ఆమె రాసేది.

ఇప్పుడామె ప్రొఫెసర్. ఆమె లెక్కను బట్టి ఆరోగ్యశాఖ వాళ్లు పోయిన సంవత్సరం నుంచి ఆ తండాల్లో రక్తపరీక్షల శిబిరాన్ని సాయంత్రాలు పెడుతున్నారు. మిరప పని ముగిసి వలసవాళ్లు తిరిగొచ్చాక ఇంకోసారి పెడుతున్నారు. మొదటి సాయంత్రమే పిల్లల్ని చంకనేసుకొని తల్లులు బారులు తీరారు. శాంతి ఒక మూల నిలబడి చాలాసేపు చూసింది.

ఈ మధ్య ఆమె దగ్గర సంగీత అనే అమ్మాయి చేరింది. భూపాలపల్లి బొగ్గుగని కార్మికుడి బిడ్డ. కాంట్రాక్టు కూలీల దగ్గు, ఆయాసం మీద పని చేస్తోంది. మొన్న పరేషాన్‌గా వచ్చి కూర్చుంది.

“మేడం, మనుషులైతే ఇంట్లనే దొరుకుతున్నరు. పని పోతదని భయపడి దగ్గు లేదంటున్నరు. గిది మీ లెక్కల ఒదుగుతలేదు.”

శాంతి కండ్లు మెరిశాయి. “ఒదగకపోతే మంచిదే. నా లెక్క పక్కకు పెట్టు. ఆ భయానికి లెక్క ఎట్ల కట్టాలో నువ్వు జెప్పు,” అంటూ కుర్చీ ఆమె పక్కకు జరుపుకుంది.