ధనంజయ గారి డబ్బాలో చివరి కాగితం

వడమాలపేట చరిత్ర ఎవరైనా రాయదలుచుకుంటే అందులో ఒక అధ్యాయాన్ని బ్లేడుకు కేటాయించక తప్పదు. ఇరవై రెండేళ్ల కిందట ఒక ఆదివారం, అద్దె పుస్తకాల అంగడి పెట్టిన ధనంజయ గారు గడ్డం గీసుకున్న బ్లేడుతోనే పిల్లల డిటెక్టివ్ కథ ఒకదానిలోంచి చివరి కాగితం కోసి బిస్కెట్ల డబ్బాలో దాచారు. నాటి నుంచి ఏ అపరాధ పరిశోధనా తన ముగింపుతో ఆ అంగడి గడప దాటలేదు.

చట్టం చిన్నదే. చదివిన పిల్లలు వచ్చి దొంగ ఎవరో, ఎలా తెలిసిందో చెప్పాలి. అప్పుడు డబ్బా తెరుచుకుంటుంది. కాగితం అక్కడే నిలబడి చదివి ఇచ్చేయాలి.

ముప్పై రెండు పేజీల కథ బడి వదిలాక మొదలుపెడితే ట్యూషన్ వేళ లోపు అయిపోతుంది. అందులో పోలీసులు పొరబడతారు, పెద్దవాళ్లందరూ పొరబడతారు, పదకొండేళ్ల పిల్ల ఒక్కతే కరెక్టు. ఇంట్లో ఎంత ఏడ్చినా దొరకని ఆ గౌరవం కోసం ఒకప్పుడు పిల్లలు వరుస కట్టేవాళ్లు. దొంగ కోసం జుట్లు పట్టుకునేవాళ్లు. ధనంజయ గారే న్యాయమూర్తి.

తర్వాత ఫోన్లు వచ్చాయి. అంగడిలోకి జిరాక్సు మిషను వచ్చింది. పెళ్లి, పిల్లలు లేని ధనంజయ గారు ఇప్పుడు రోజంతా పలికే మాటలు రెండే: "ఎన్ని కాపీలు?", "రెండు పక్కలా తీయాల్నా?" ఆదివారం అవి కూడా ఉండవు.

మిగిలిన పాఠకురాలు హేమశ్రీ ఒక్కతే. ఏడో తరగతి. వచ్చిందంటే అరగంట వాదించేది.

"వంటామె కాదు సార్. అంత తెలివుంటే కూరలో ఉప్పెందుకు మర్సిపోతాది?"

ఆ అరగంట కోసమే ఆయన తిరుపతికి పోయి ఒక కొత్త పుస్తకం తెచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు గడియారం పోయిన కథ. సోమవారం హేమశ్రీ అది తీసుకుపోయింది. మళ్లీ రాలేదు.

తొమ్మిది రోజులు నాలుగున్నరకల్లా డబ్బా తుడిచి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. జ్వరమా? పరీక్షలా? ఇంట్లో ఫోను కొనిచ్చారా? ఈ మూడో అనుమానాన్ని మాత్రం ఆయన విచారణకు స్వీకరించలేదు.

పదో రోజు ఆ పిల్ల తాత చిన్నబ్బ రేషన్ కార్డు జిరాక్సుకు వచ్చాడు.

"ఎన్ని కాపీలు?"

"ఒగటి సాలప్పా."

"మనవరాలికి ఒంట్లో బాగలేదా?"

"దానికేమప్పా, గుండ్రాయి మాదిరి ఉండాది."

"మరి ఆ పుస్తకం?"

"తెచ్చిన పొద్దే సదివేసినాదే! మమ్మల్ని అన్నం గూడా తిననీకుండా కతంతా సెప్పినాది. దొంగ కాంపౌండరంట."

ధనంజయ గారి చెయ్యి మిషను మీదే ఆగిపోయింది. "ఎట్ల కనుక్కునిందంట?"

"సేతికి వాచీ లేనోడు, నాలుగుంపావు అయిందని ఎట్ల సెప్తాడప్పా? గడియారం వాడి జోబీలోనే ఉండాది గదా!"

అక్షరాలా చివరి కాగితంలో ఉన్న మాటే. అక్కడికి వచ్చేదాకా ధనంజయ గారు స్వయంగా నర్సును అనుమానించారు. అయితే ఆ పిల్లకు కాగితంతో పని లేకపోయింది. అందుకే రాలేదు.

"రేపొకసారి పంపించప్పా. ఆ కాగితం దానికే ఇచ్చేస్తా, దాచుకోమను."

"సెప్తాలే. ఇదిచ్చి రమ్మన్యాది." చిన్నబ్బ సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ధనంజయ గారు డబ్బా తెరిచి కాగితాలన్నీ తిరగేశారు. మళ్లీ ఒకసారి తిరగేశారు. తర్వాత పుస్తకం తెరిచారు.

చివరి కాగితం అందులోనే ఉంది. కొయ్యడం మరిచిపోయారు.