మార్పు రానివాళ్ళ పట్టిక

ఆ జైల్లో రికార్డు గుమాస్తాకి ఖైదీలు పెట్టిన పేరు కునుకుసారు. పెట్టినవాడెవడో గానీ మనిషిని బాగా చదివినవాడే. పొద్దున పదింటికి వచ్చి, చొక్కా పై బొత్తాం విప్పి, ఫ్యాను సరిగ్గా నడినెత్తి మీదికి వచ్చేట్టు కుర్చీ జరుపుకుని, ఎదురుగా ఒక ఫైలు తెరిచి పెట్టుకునేవాడు. ఆ పేజీ సాయంత్రం దాకా తిరిగేది కాదు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు అలాగే గడిచింది. ఇంట్లో మాత్రం జైలు మొత్తం తన చిటికెన వేలి మీద నడుస్తోందని చెప్పుకునేవాడు. వినీ వినీ విసిగిన భార్య, "ఆ వేలితోనే కాస్త ఆ స్విచ్చు నొక్కండి, పుణ్యముంటుంది," అనేది.

మరి ఆఫీసు పని ఎవరు చేసేవారంటే ముత్యాలు అనే ఖైదీ. అదీ పెట్టిన పేరే. అతను రాస్తే అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కాబట్టి అలా పిలిచేవారు. లోపలికి రాకముందు భూముల కొలతల ఆఫీసులో నకళ్ళు రాసేవాడు. అసలులో ఎలా ఉంటే నకలులో అలా దించడం, ఒక్క చుక్క కూడా సొంతంగా చేర్చకపోవడం అతను నేర్చిన విద్య. ఒకరోజు మెట్ల మీద మాటా మాటా పెరిగి ఎదుటి మనిషిని తోశాడు. పడ్డవాడు మళ్ళీ లేవలేదు. తోసింది తను కాదని ఏ రోజూ అనలేదు. యావజ్జీవం పడింది.

ఎవరి శిక్షలో ఎన్నాళ్ళు గడిచాయి, మంచి నడవడికి ఎన్ని రోజులు తగ్గాయి, సెలవు మీద వెళ్ళి ఆలస్యంగా వచ్చినందుకు ఎన్ని కలిశాయి, ఇవన్నీ ముత్యాలే కట్టేవాడు. కునుకుసారు కింద సంతకం పెట్టేవాడు. ఎప్పుడైనా పైఆఫీసు నుంచి మెచ్చుకోలు వస్తే దాన్ని ఇంటికి తీసుకెళ్ళి భార్యకి చదివి వినిపించేవాడు. సిగ్గనేది కొందరికి పుట్టుకతోనే రాదు.

ఏడాదికి ఒక్క రోజు మాత్రం కునుకుసారు సొంత చేత్తో పెన్ను పట్టేవాడు. పన్నెండేళ్ళు నిండిన యావజ్జీవ ఖైదీల్లో ఎవరు మారారో, ఎవరు మారలేదో పైకి రాయాలి. మారాడని రాస్తే విడుదలకి దారి పడుతుంది. మారలేదంటే మళ్ళీ ఏడాది. ఆ ఫైలు రహస్యం, బీరువాలో తాళం కింద ఉంటుంది. ముత్యాలుకి పన్నెండేళ్ళు నిండిన ఏడాది సూపరింటెండెంటు పళ్ళు కుట్టుకుంటూ, "ఇతను పోతే మీ ఆఫీసు గతేంటయ్యా?" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు, అనక్కర్లేదు కూడా. కునుకుసారు ఆ సాయంత్రం ముత్యాలు పేరుకి ఎదురుగా "పరివర్తన ఇంకా కనిపించలేదు" అని రాశాడు. మరుసటేడు అదే ముక్క. అలా ఆరేళ్ళు.

తప్పు చేస్తున్నానని ఆయనకి అనిపించిందా అంటే, లేదు. ముత్యాలుకి రోజూ తన టీలో సగం పోసేవాడు. పాత స్వెట్టరు కూడా ఒకటి ఇచ్చాడు. 'ఇక్కడ బాగానే ఉన్నాడుగా, బయటికెళ్తే ఎవడు పనిస్తాడు' అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. దొంగ కూడా తాళం పగలగొట్టాక తలుపు దగ్గరగా వేసి పోతాడు, అలాంటి మర్యాద ఇది.

ముత్యాలు భార్య నెలకోసారి చూడ్డానికి వచ్చేది. మొదట్లో ఒక్కతే వచ్చేది, తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుని రావడం మొదలుపెట్టింది. కళ్ళలో నరం ఎండిపోతోందని, మందులతో కొన్నాళ్ళు ఆపగలమే తప్ప నిలబెట్టలేమని డాక్టర్లు చెప్పారు. ప్రతిసారీ కిటికీ దగ్గర ఆగి కునుకుసారుని ఒకటే అడిగేది.

"సార్, చూపుండగా మా ఆయన్ని ఇంట్లో చూసుకుంటానా?"

"పైనుంచి రాలేదమ్మా. మా చేతుల్లో ఏముంది చెప్పు?" అనేవాడు ఆయన, తన చేతులు రెండూ చూపించి మరీ.

ఆరో ఏడాది వేసవిలో శాసనసభ ఒక కమిటీ వేసింది. శిక్షల విధానం సరిగ్గా ఉందా, ఖైదీల్ని ముందుగా వదిలే పద్ధతి ఎందుకు నడవడం లేదు, ఇవి తేల్చాలట. కమిటీ కంటే ముందు దాని ఫారం వచ్చింది. ఏడు గడులు. వరుస సంఖ్య, పేరు, నేరం, గడిచిన కాలం, జైల్లో చేసే పని, నిర్ణయం, చివర కారణం. ఆరేళ్ళ వివరాలన్నీ ఒకే పట్టికలో కావాలన్నారు.

కునుకుసారు ఫారం చూసి ఆవలించాడు. తర్వాత, ఏ బద్ధకస్తుడూ చెయ్యని బద్ధకం ఒకటి చేశాడు. బీరువా తాళం చెవి తీసి ముత్యాలు చేతిలో పెట్టాడు. "ఆ ఎర్ర ఫైలు చూసి దించెయ్. గీతలు నీట్‌గా కొట్టు, పెద్దవాళ్ళు చూస్తారు," అని కుర్చీ జరుపుకున్నాడు. ఆ ఫైల్లో ఏముందో ఆయనకి గుర్తు లేక కాదు. ఇన్నేళ్ళుగా తన పనంతా చేస్తున్న చేతుల వెనక రెండు కళ్ళు కూడా ఉంటాయని మర్చిపోయాడు.

ముత్యాలు నాలుగు రోజులు రాశాడు. ఇరవై రెండో వరుసలో తన పేరే వచ్చింది. 'జైల్లో చేసే పని: రికార్డు ఆఫీసు. నిర్ణయం: తిరస్కరణ. కారణం: పరివర్తన ఇంకా కనిపించలేదు.' ఎర్ర ఫైల్లో ఆ ముక్క కునుకుసారు చేతిరాతే, పక్కనే అర్ధచంద్రాకారంలో ఆయన టీ కప్పు మరక. పైవాళ్ళెవరో తిప్పికొట్టారని ఇన్నేళ్ళూ నమ్మిన మనిషికి, ఆ ముక్క రాసిన చెయ్యి మూడు అడుగుల దూరంలో బొజ్జ మీద పడుకుని ఉన్నట్టు తెలిసింది. నకలు రాసేవాడు నకలే రాశాడు. అక్షరం కూడా మార్చలేదు.

కానీ మిగతా వరుసలు కూడా చదివాడు. కరెంటు పని చేసే ఖైదీ, మార్పు రాలేదు. వంటశాల మేస్త్రీ, మార్పు రాలేదు. యూనిఫాంలు కుట్టే దర్జీ, ఆసుపత్రిలో కట్లు కట్టే ముసలాయన, ఇద్దరికీ అదే. మారి ఇంటికి వెళ్ళినవాళ్ళెవరయ్యా అంటే, నెలకోసారి కొట్టుకునేవాడు, పని చెప్తే నడుం పట్టేసిందని పడుకునేవాడు, పక్కవాడి సబ్బు కాజేసేవాడు. పండిన చెట్టుకే రాళ్ళ దెబ్బలు అంటారు. ఆ పట్టికలో ఆ సామెత ముప్పై వరుసల్లో, చక్కటి గీతల మధ్య కూర్చుని ఉంది.

కమిటీ వచ్చింది. జైలు హాల్లో తెల్ల గుడ్డ పరిచిన బల్ల ముందు తొమ్మిదిమంది. ఇద్దరు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒకాయన బిస్కెట్ల ప్లేటు తన వైపుకి లాక్కుని అక్కడి నుంచి కదలనివ్వలేదు. అధ్యక్షుడు పట్టికని చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు.

"అబ్బ! ఎంత ముచ్చటగా ఉందండీ. అచ్చువేసినట్టుంది. ఎవరు తయారుచేశారు?"

"నేనేనండీ," అన్నాడు కునుకుసారు.

ముత్యాలు గోడ పక్కన ఫైళ్ళు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇంతమందిలో మార్పు రాలేదంటే బాధగా ఉంది," అన్నాడు అధ్యక్షుడు గొంతు సవరించుకుని. "మేం వచ్చింది అందుకే. ఈ జాబితాలో ఒక్కరి విషయంలోనైనా పొరపాటు జరిగిందనిపిస్తే ఇప్పుడే చెప్పండి. ఈ నెల్లోనే విడుదలకి రాసేస్తాం. మీరే చెప్పాలి, రోజూ చూసేది మీరు."

 ఒక్క పేరు చెప్తే చాలు, ఆ పేరున్న మనిషి ఎదురుగానే ఉన్నాడు. కునుకుసారు కళ్ళు ఒక్కసారి గోడ వైపు వెళ్ళాయి, సూపరింటెండెంటు మీదికి వెళ్ళాయి, తిరిగి బల్ల మీదికి వచ్చాయి.

"లేరండీ. అన్నీ జాగ్రత్తగా చూసే రాశాం."

అధ్యక్షుడు తల పంకించాడు. కారణాల గడికి ఒక్క గడి ఇవతలే పనుల గడి ఉంది. తొమ్మిదిమందిలో ఒక్కడు వేలు పెట్టి పై నుంచి కిందికి రెండూ కలిపి చదివి ఉంటే కథ అక్కడే తేలేది. చదివితే కదా! సమాజం, సంస్కారం, సానుభూతి అని ముగ్గురు మాట్లాడారు, ఫోటోలు దిగారు, మూడింటికల్లా కార్లెక్కారు.

సోమవారం ముత్యాలు ఆఫీసుకి రాలేదు. పిలిపిస్తే వచ్చి చేతులు ముందుకి చాపాడు. రెండూ గాలికి ఆకుల్లా ఊగుతున్నాయి.

"చేతులు వణుకుతున్నాయి సార్. పెన్ను నిలవట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"కమిటీ వచ్చిన రోజు నుంచి సార్."

డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. లేకపోయినా వణుకు తగ్గలేదు. కునుకుసారు ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి లెక్క కట్టడానికి కూర్చున్నాడు. ఫిబ్రవరికి ఎన్ని రోజులో వేళ్ళు ముడిచి చూసుకున్నాడు. కట్టిన ఫైళ్ళు పైఆఫీసు నుంచి మూడుసార్లు ఎర్ర సున్నాలతో తిరిగొచ్చాయి. రాత్రి అన్నం దగ్గర కూడా పెదాలు కదుపుతుంటే భార్య చూసింది. "చిటికెన వేలికేమైందండీ, బెణికిందా?" అంది. ఆయన మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.

నెలన్నర తిరిగేసరికి సూపరింటెండెంటు విసుక్కున్నాడు. "బ్యాంకులో పనిచేసినవాడొకడు కొత్తగా వచ్చాడుగా, వాణ్ణి కూర్చోబెట్టుకో. ఆ వణుకుడు మనిషిని ఇంకా ఎందుకయ్యా మేపడం? పంపించెయ్."

కునుకుసారు ఎర్ర ఫైలు తీశాడు. పద్దెనిమిదేళ్ళలో ఒక్కరోజు పని ఎగ్గొట్టనప్పుడు మారని మనిషి, నెలన్నర పని మానేసేసరికి మారిపోయాడు. "పూర్తి పరివర్తన కనిపించింది" అని రాశాడు. సూపరింటెండెంటు యథాప్రకారం చదవకుండా సంతకం పెట్టాడు. మూడు నెలలకి ఉత్తర్వు వచ్చింది.

విడుదల రోజు పొద్దున గేటు దగ్గర గదిలో రిజిస్టరు తెరిచి పెన్ను ఇచ్చారు. ముత్యాలు సంతకం చేశాడు. గుండ్రంగా, ఒకే ఎత్తులో, ఎక్కడా జారని అక్షరాలు. కునుకుసారు ఆ సంతకాన్ని చూశాడు, ఆ చేతిని చూశాడు.

"తగ్గిందా?"

"తగ్గింది సార్." ముత్యాలు పెన్ను కింద పెట్టలేదు. పక్కన ఉన్న కాగితం మీద చూపు ఆగింది. "నేను గడిపిన రోజుల మొత్తం తప్పు వేశారు సార్. పదకొండు రోజులు తక్కువ వచ్చింది."

"ఇప్పుడింక నీకేం తేడా పడదులే."

"నాకు పడదు సార్. లోపలున్నవాళ్ళకి పడుతుంది. సరిగ్గా వెయ్యండి."

అంకె దిద్ది, పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచాడు. బయట భార్య చెల్లెలితో పాటు నిలబడి ఉంది. రెండేళ్ళ కిందటిదాకా సూదిలో దారం ఎక్కించిన మనిషి. ఇప్పుడు గేటు చప్పుడు వైపు మొహం తిప్పింది, అడుగుల చప్పుడు వైపు తిప్పింది, అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాక కూడా అతని భుజం పక్కనున్న గోడనే చూస్తూ చెయ్యి చాపింది. చెంపలు, ముక్కు, నుదురు తడిమి, "జుట్టంతా ఊడిపోయిందేంటీ?" అంది. కిటికీలోంచి కునుకుసారు ఇదంతా చూశాడు. ఆయన రాసిన ఆరు ముక్కల ఖరీదు అది. లోపల ఏదో కలుక్కుమంది, కాదనను. మంచినీళ్ళు తాగితే తగ్గింది.

మర్నాడు పదింటికి వచ్చి, బొత్తాం విప్పి, కుర్చీ జరుపుకున్నాడు. ఫ్యాను తిరగలేదు. కరెంటు పని చేసే ఖైదీని పిలిపించాడు. ఆ ఖైదీ స్విచ్చుబోర్డు కేసి చూశాడు, ఫ్యాను కేసి చూశాడు, తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ ముందుకి చాపాడు.

"చేతులు వణుకుతున్నాయి సార్."

వంటశాల నుంచి మాడు వాసన వస్తోంది. గుమ్మం దగ్గర దర్జీ వచ్చి నిలబడ్డాడు, అతని వెనక కట్లు కట్టే ముసలాయన. అడక్కముందే ఇద్దరూ చేతులు చాపారు. చెమటలు కారుతుండగా కునుకుసారు వాళ్ళ మొహాలకేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, బీరువా తెరిచి, ఎర్ర ఫైలు తీసి పెన్ను మూత విప్పాడు.