మాట్లాడండి

కొత్త మేనేజరు వచ్చినప్పటి నుంచీ, ఏడాదిగా, ఆ చిన్న ఆఫీసు గుమాస్తావిడ పెట్టిన ప్రతి కాగితమూ ‘మాట్లాడండి’ అన్న ఒక్క మాటతో వెనక్కి వచ్చేది. తీరా వెళితే ఆయన కుర్చీ ఖాళీ. కురవని మబ్బులాంటి ఆ మాటలో ఏముందోనని ఆవిడ ఆలోచించేది. ఈసారి చెల్లెలి కాన్పుకని పెట్టిన సెలవుచీటీ కూడా అలాగే తిరిగొచ్చింది. రైలేమో సాయంత్రమే.

“మాతో లేని మాటలు ఆయనకి నీతో ఏమున్నాయి వదినా?” అని పక్క సీటావిడ నవ్వింది.

ఆవిడ మేనేజరు గది గుమ్మంలోనే కాపు కాసి, ఆయన రాగానే అడిగింది. “ఏం మాట్లాడాలండీ?”

ఆయన తలుపు దగ్గరగా వేశారు. “కూడబలుక్కుని చదివినా నీ రాత అర్థం కాదమ్మా. అడగడానికి మొహమాటం.”

ఆవిడ సాయంత్రం రైలు సంగతితో సహా చీటీ చదివి వినిపించింది. ఆయన సంతకం పెట్టారు. “రైలుకి ఇంకా టైముందిగా. మిగతా కాగితాలూ తెచ్చి చదువు.”