సరోజ టీచర్‌కు పెద్దక్షరాలు

మొన్న ఆఫీసులో ఎవరో ప్రింటర్ కార్ట్రిడ్జి మారుస్తుంటే పచ్చి సిరా వాసన గుప్పుమంది. సరోజ టీచర్ గుర్తొచ్చి, చేస్తున్న పని కాసేపు ఆపేశాను.

తొంభైల చివర్లో ఉప్పల్‌లో వాళ్ల పైవాటాలో అద్దెకుండేదాన్ని. పగలు నాచారంలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపింగు, సాయంత్రాలు ఇంట్లో సొంత కంప్యూటర్ మీద జాబ్‌వర్కు. షుగర్ వల్ల చూపు తగ్గి టీచర్ అప్పటికే బడి మానేశారు. పుస్తకాల్లో అక్షరాలు కంటికి ఆనడం లేదంటే, ఆమెకు ఇష్టమైన కథలు పెద్దక్షరాల్లో కొట్టి ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. చదువుతూనే నా తప్పులు పట్టేవారు. "ఒత్తు మింగినవ్ బిడ్డా, మాట సచ్చిపోతది" అనేవారు. బడితోనే తెలుగు వదిలేసిన నాకు అక్షరం మీద భక్తి కలిగింది ఆమె వల్లనే.

వేసవిలో కొన్నాళ్లు వాడకపోతే సిరా ఎండిపోయి, అక్షరాల మధ్య తెల్లటి చారలు పడేవి. గుడ్డను గోరువెచ్చటి నీటిలో తడిపి కార్ట్రిడ్జి అడుగున అద్దితే పేరుకున్న సిరా కరిగేది. టెస్టు పేజీలో గీతలు తెగకుండా వచ్చాక కథ మళ్లీ తీసిచ్చేదాన్ని. టీచర్ కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఇప్పుడు చక్కగా ఉందనేవారు.

ఒక వానాకాలం మళ్లీ అచ్చు పలచగా ఉందన్నారు. శుభ్రం చేసినా అదే మాట. కొత్త కార్ట్రిడ్జి వేసి, అక్షరాలు ఇంకా పెంచాను. కాటుకలా నల్లగా వచ్చాయి. ఆమె కాగితాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి, తల అడ్డంగా ఊపారు. రైల్వేలో పనిచేసే ఆమె భర్త నర్సింగరావు సార్ నా వైపు బతిమాలుతున్నట్టు చూస్తూ, మిషనే పాతబడిందని, కొత్తది కొందామని చెప్పారు.

టీచర్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిజం జెప్పు. మిషన్ మంచిగనే ఉన్నది గదా?"

ఆమె చెయ్యి పట్టుకుని, ఉన్నదన్నాను.

సార్ లేచి బయటికి వెళ్లిపోయారు. టీచర్ ఆ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు నిమిరారు. తర్వాత నా చేతికిచ్చి, "గట్లయితే నువ్వే సదువు. నేనింట" అన్నారు.

ఆ రోజు నుంచి ప్రింటు తీయడం మానేసి, పుస్తకాలే చదివి వినిపించాను. రెండేళ్లు కూడా గడవకముందే కిడ్నీలు పాడై ఆమె మంచాన పడ్డారు. చివరిసారి దవాఖానాలో చదువుతుండగా సార్ నా భుజం మీద చెయ్యి వేశారు. తలెత్తకుండానే అర్థమైంది. అయినా ఆపలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఆఖరి వాక్యం దాకా చదివాను.

ఇప్పటికీ ఎవరికైనా కథ చదవడం మొదలుపెడితే, వింటున్నవాళ్లు నిద్రపోయినా సరే, మధ్యలో ఆపడం నాకు చేతకాదు.