అత్త బుగ్గ మీద గరుకు

మా మేనత్త పుట్టుకతోనే తెల్లటి మనిషి. వెంట్రుకలు, కనుబొమలు కూడా తెలుపే. బతుకు మాత్రం ఎండలోనే గడిచింది. పూతలపట్టు దగ్గర మా వేరుశనగ చేనులో ఆమె వంగి కలుపు తీయని సాలు లేదు. నేను బడిలో టీచరుగా చేరిన ఏడాది ఆమె బుగ్గ మీద గరుకు పొలుసులు లేచాయి. గీకితే రక్తం వచ్చేది.

తిరుపతి ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. ఇది ఇంకా క్యాన్సరు కాదు, వదిలేస్తే అవుతుంది అన్నాడు డాక్టరు. ట్యూబు మందు ఇచ్చి రెండు పూటలా మూడు వారాలు రాయమన్నాడు. "మధ్యలో ఎర్రగా పుండు పడుతుంది. భయపడి ఆపొద్దు. గొడుగు లేకుండా ఎండలోకి పోవద్దు," అని నావైపు చూసి చెప్పాడు. చదువుకున్నదాన్ని కదా.

బస్సులో అత్త నవ్వింది. "గొడుగు పట్టుకోని కలుపు తీస్తే ఊరంతా సూసేదానికొస్తాది మే."

పదో రోజుకు బుగ్గ ఎర్రబడి, చిట్లి, నీరు కారింది. అత్త తల్లి, మా అవ్వ, చూసి చెంపలు వేసుకుంది.

"అమ్మవారు పోసిండాది. మందు పూస్తే తల్లికి కోపమొస్తాది."

గుమ్మానికి వేపమండలు కట్టింది. ఇంట్లో తాళింపు మాన్పించింది. ట్యూబును పెంటదిబ్బలో పారేసి, అత్త ముఖానికి వేపాకూ పసుపూ నూరి పట్టించింది.

డాక్టరు చెప్పిన పుండు ఇదేనని ఒక్కసారి అన్నాను. "నీ సదువు అమ్మవారి కాడ సూపిస్తావా?" అంది అవ్వ. నాకు ఒళ్లు మండింది. అయినా నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ముఖం చూసి నాకూ భయమేసింది. ఒకవేళ అమ్మవారేనేమో అనుకున్నాను.

మందు ఆపాక వారం పది రోజుల్లో పుండు మానింది. అవ్వ గంగమ్మకు అంబలి పోసి మొక్కు తీర్చుకుంది. అత్త మళ్లీ చేనికి పోయింది, గొడుగు లేకుండానే.

మరుసటి ఏడు అదే చోట గడ్డ లేచింది. అదే డాక్టరు వేలితో నొక్కి చూశాడు. క్యాన్సరే అయింది, బుగ్గ కోసి తీయాల్సిందే అన్నాడు.

"మందు మూడు వారాలూ రాశారా? ఎవరు ఆపమన్నారు?"

అత్త నావైపు తిరగలేదు.

"నేనే సామీ. మంట ఓర్సుకోలేక ఆపేసినా. పాప రాసుకోమనే సెప్పింది, నేనే ఇనలేదు."

ఆయన ఆమెను చెడామడా తిట్టాడు. ఆమె చేతులు కట్టుకుని అన్నీ విన్నది. ఆ తిట్లు నాకు తగలాల్సినవని చెప్పడానికి అప్పుడు కూడా నాకు నోరు రాలేదు.